చెరువును కాపాడే మనుషులకు సన్మానం: పేర్లు వెతకడం నుంచి సభ తర్వాత పనిదాకా

"మా ఊరి చెరువు కోసం పాటుపడినవాళ్లను సన్మానించాలనుకుంటున్నాం, ఎట్లా మొదలుపెట్టాలి?" నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. అడిగేవాళ్లలో యువజన సంఘాలవాళ్లు, రిటైరైన టీచర్లు, బడి పూర్వ విద్యార్థులు ఎక్కువ. శాలువా ఎక్కడ కొనాలో, షామియానా ఎవరు వేస్తారో వాళ్లకు తెలుసు. ఎవరిని ఎంచుకోవాలి, వాళ్లు చేసిన పని నిజమేనని ఎలా తేల్చుకోవాలి అన్న దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే ఇందులో ఎక్కువ భాగం సభకు ముందు చెయ్యాల్సిన పని గురించే ఉంటుంది.

కనీసం రెండు నెలల టైమ్ పెట్టుకోండి. వారంలో చేసిన సన్మానాల్లో మైకు ముందుకు వచ్చినవాళ్లకే దండలు పడతాయి.

1. చెరువుకు ఉన్న ముప్పు ఏమిటో ముందు రాసుకోండి

ముప్పు తెలిస్తేనే దాన్ని అడ్డుకున్నవాళ్లు ఎవరో తెలుస్తుంది. ఇది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

సిక్కింలో గ్యాంగ్‌టాక్ నుంచి నాథులా వెళ్లే దారిలో దాదాపు 12,300 అడుగుల ఎత్తున సోంగో సరస్సు ఉంది. ఛాంగు అని కూడా అంటారు. చలికాలంలో గడ్డకట్టే నీళ్లవి. ఆ చలిలో చెత్త త్వరగా కుళ్లదు, టూరిస్టు పారేసిన ప్యాకెట్ ఎవరో ఒకరు తీసేదాకా అక్కడే పడి ఉంటుంది. కాబట్టి అక్కడ సరస్సును కాపాడటమంటే మొదట చెత్త ఎత్తడం, వచ్చేవాళ్లను అదుపులో పెట్టడం.

మన దగ్గర లెక్క వేరు. వాయుగుండం పట్టిన రాత్రి కట్ట నిలవాలి. వాగు నుంచి నీళ్లొచ్చే కాలవ పూడకూడదు. చెరువు లోపల గట్లు వేసి దున్నేవాళ్లను ఆపాలి. పట్టణం పక్కన ఉంటే మురుగు, గుర్రపుడెక్క. కంభం లాంటి పెద్ద చెరువుకైనా, నలభై ఎకరాల ఊరకుంటకైనా కష్టాల జాబితా ఇంచుమించు ఇదే.

ఒక కాగితం మీద ఇవి రాయండి:

- గత ఐదేళ్లలో చెరువుకు వచ్చిన పెద్ద ఆపదలు
- ఏటా తప్పకుండా చెయ్యాల్సిన పనులు: కట్ట మీద కంప కొట్టడం, తూము తలుపుకు గ్రీజు, కలుజు (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) దగ్గర చెత్త తియ్యడం, సప్లై ఛానల్ బాగుచెయ్యడం
- ఇప్పుడు నడుస్తున్న గొడవలు: ఆక్రమణ, మట్టి తవ్వకం, చేపల వేలంపాట
- వీటిలో ఒక్కోదానికి ఎదురుగా ఖాళీ గడి

ఆ గడుల్లో పేర్లు నింపడమే తర్వాతి పని. ఏదైనా గడి చివరిదాకా ఖాళీగా ఉండిపోతే ఆ పని ఎవరూ చెయ్యడం లేదని అర్థం. దాన్ని సభలో చెప్పాల్సి ఉంటుంది, చెరిపెయ్యకండి.

2. పేర్ల కోసం చివరి ఆయకట్టు నుంచి మొదలుపెట్టండి

పంచాయతీ ఆఫీసులో అడిగితే పది నిమిషాల్లో పది పేర్లు చెప్తారు. అందులో సగం ఎప్పుడూ వినే పేర్లే. అక్కడికి తర్వాత వెళ్లండి.

తూము పక్క పొలాలకు నీళ్లు ఎలాగూ అందుతాయి. కాలవ చివర ఉన్న రైతుకు నీళ్లు అందాయంటే మధ్యలో ఎవరో రాత్రిళ్లు తిరిగి, మడవలు కట్టి, తగాదాలు సర్దారన్నమాట. అది ఎవరో ఆ చివరి రైతుకు పేరుతో సహా తెలుసు. నా మటుకు ఆయన మాటకే ఎక్కువ మార్కులు.

ఆ తర్వాత వీళ్లను కలవండి:

- చేపలు పట్టేవాళ్లు, మత్స్యకార సహకార సంఘం సభ్యులు
- కట్ట వెంబడి కాపురముండే యానాది కుటుంబాలు
- గొర్రెలు, బర్రెలు తోలుకొచ్చేవాళ్లు
- బట్టలుతికే ఆడవాళ్లు. నీళ్ల రంగు, వాసన మారితే మొదట పసిగట్టేది వీళ్లే
- పూడిక తీసిన ఉపాధి హామీ కూలీలు
- నీటి సంఘం పెద్దలు. 1997 చట్టం ప్రకారం ఏర్పడిన సంఘాలివి, పాత పనుల రికార్డు వీళ్ల దగ్గర దొరకవచ్చు

ఎక్కువగా మర్చిపోయేది నీరుకట్టును (తూము కాసి, పొలాలకు వంతులవారీగా నీళ్లు వదిలే మనిషి), లస్కర్‌ను (కాలవలు, తూములు చూసుకునే నీటి శాఖ పనివాడు), పారిశుధ్య కార్మికులను. నెల్లూరు స్వర్ణాల చెరువునే చూడండి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు లక్షల మంది వస్తారు, నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. అందరూ వెళ్లిపోయాక ఆ ఘాట్ల దగ్గర, నీళ్లలో మిగిలినదంతా ఎత్తేది కార్మికులు. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు. మీ జాబితాలో ఉండేలా చూడండి.

3. చేసిన పనిని కళ్లతో చూసి తేల్చుకోండి

పేరు వచ్చిందంటే చాలదు. ఒక్కొక్కరి దగ్గరా ఈ ఐదు ప్రశ్నలకు జవాబు రాబట్టండి:

- ఏం చేశారు?
- ఎప్పుడు? ఏ వర్షాలప్పుడు, ఏ పంటకు?
- చెరువులో ఏ చోట?
- పక్కన ఎవరున్నారు?
- ఒక్కసారి చేశారా, ఏటా చేస్తున్నారా?

కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే చాలామంది చెప్పలేరు. "ఇందులో నేను జేసిందేముంది అబ్బయా, నీళ్లొచ్చినప్పుడు చూసుకోకపోతే ఎట్లా" అనేసి ఊరుకుంటారు. కట్ట మీద కలిసి నడవండి.

నిజంగా కట్ట కాసిన మనిషి నడక వేరుగా ఉంటుంది. మాట్లాడుతూనే చూపు కిందికి, కట్ట దిగువ వైపుకు పోతూ ఉంటుంది. ఒకచోట ఆగి గడ్డిని కాలితో పక్కకు నెట్టి తడి చూపిస్తారు. ఊట తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉంటామని, అదే బురదగా వచ్చిందంటే లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టేనని, అప్పుడు ఊట చుట్టూ ఇసుక బస్తాలు పేర్చాలని చెప్తారు. ఎలుక బొరియ ఎక్కడుందో, తూము దగ్గర ఏ రాయి కదిలిందో వేలు పెట్టి చూపిస్తారు. ఆ నడకలో విన్నది అదే రోజు నోట్‌బుక్‌లో రాసుకోండి. సన్మాన పత్రానికి అవే మాటలు కావాలి.

ఆ తర్వాత ఇంకో రెండు చోట్ల అదే విషయం అడగండి. ఇద్దరు కొత్తవాళ్లు, ఒకరికొకరు చుట్టాలు కానివాళ్లు, అదే చెప్పాలి.

కాగితాల పని కూడా ఉంది. చెయ్యడానికి మొహమాటమే, అయినా వదలొద్దు:

- ఎంచుకున్న మనిషికి గానీ ఇంట్లోవాళ్లకు గానీ చెరువు పోరంబోకులో సాగు ఉందేమో వీఆర్వో దగ్గర, గ్రామ సర్వేయర్ దగ్గర సర్వే నంబరుతో అడగాలి
- చెరువు మట్టి రవాణాలో, చేపల పాటలో వాటా ఉందేమో చూడాలి
- చెరువు మీద నడుస్తున్న కేసులో వాది గానీ ప్రతివాది గానీ అవునేమో తెలుసుకోవాలి

కేసు ఉన్నంత మాత్రాన తీసెయ్యనక్కర్లేదు. ఆక్రమణ మీద ఫిర్యాదు చేసినవాళ్ల మీద ఎదురు కేసులు పడటం కొత్తేమీ కాదు. ఏ కేసో చదివి నిర్ణయించండి.

4. ఒక్కరికా, జట్టుకా?

సోంగో దగ్గర స్థానికులతో ఒక పోఖరీ సంరక్షణ సమితి, అంటే సరస్సును కాపాడే సంఘం, ఉంది. సందర్శకుల దగ్గర చిన్న రుసుము తీసుకుని సరస్సు పరిసరాలు శుభ్రంగా ఉంచడానికి వాడుతుంది. అలాంటి చోట ఒక్కరిని పిలిచి దండ వేస్తే మిగతావాళ్లు రేపటి నుంచి పనిలోకి ఎందుకు వస్తారు?

మన చెరువుల దగ్గరా చాలా పనులు జట్టు పనులే. గుర్రపుడెక్క లాగడం ఒక్కరి వల్ల కాదు. గండి పడబోతున్న రాత్రి బస్తాలు మోసింది ముప్పై మంది అయితే ముప్పై పేర్లూ రాయాలి. వేదిక మీదికి ఇద్దరే వచ్చినా చదివేటప్పుడు అందరి పేర్లూ చదవాలి.

ఏళ్ల తరబడి ఒంటరిగా చేసిన పనికి మాత్రం ఒక్కరినే పిలవండి. తూము కాసిన నీరుకట్టు, ఆక్రమణ మీద అర్జీలు పెడుతూ తిరిగిన రైతు, పక్షుల గూళ్ల దగ్గరికి పిల్లల్ని పోనివ్వని అవ్వ, ఇలాంటివాళ్లను జట్టులో కలిపేస్తే వాళ్ల కష్టం కనిపించకుండా పోతుంది.

మొత్తం ఐదారు సన్మానాలకు మించొద్దు. ఎక్కువైతే ఒక్కొక్కరికి నిమిషం కూడా దక్కదు.

5. ముందుగా ఇంటికెళ్లి అడగండి

ఫోన్‌లో చెప్పెయ్యొద్దు. ఇద్దరు కలిసి ఇంటికెళ్లాలి, అందులో ఒకరు వాళ్లకు బాగా తెలిసినవాళ్లై ఉండాలి. "అయ్యా, మీరు ఫలానా పని చేశారని విన్నాం, పదిమందిలో ఆ మాట చెప్పాలనుకుంటున్నాం, మీకు సమ్మతమేనా?" అని అడగండి.

కొందరు వద్దంటారు. మొహమాటంతో అనేవాళ్లు ఉంటారు, భయంతో అనేవాళ్లూ ఉంటారు. మట్టి లారీలను ఆపినవాళ్ల పేరు మైకులో చెప్పి ఫొటో వాట్సాప్‌లో పెడితే రేపు వాళ్లకు ఏం జరుగుతుందో మీకంటే వాళ్లకే బాగా తెలుసు. రెండోసారి బతిమాలొద్దు. పేరు చెప్పకుండా పని మాత్రం చెప్పొచ్చా అని అడగండి. దానికీ వద్దంటే నమస్కారం పెట్టి రండి.

అడిగేటప్పుడే ఇవి తేల్చుకోండి:

- పేరు, ఇంటిపేరు ఎలా రాయాలి, ఎలా పిలవాలి
- ఫొటో, వీడియో తీయొచ్చా, ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా
- వెంట ఎవరు వస్తారు. ఇంటావిడ, పిల్లలకు ముందు వరసలో కుర్చీలు ఉంచాలి
- ఆ రోజు కూలి పోతుందా. పోతే ఆ డబ్బు ముందురోజే ఇవ్వాలి, సభలో కాదు
- నిలబడగలరా, మెట్లు ఎక్కగలరా, మాట్లాడతారా
- నీళ్ల పని ఏ వేళకు ఉండదు

లస్కర్‌లాంటివాళ్లు ప్రభుత్వ ఉద్యోగులైతే ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. సన్మానానికైనా, విలువైన కానుకకైనా పై అధికారి అనుమతి ముందే లేఖ రాసి తీసుకోండి. లేకపోతే మీ శాలువా వల్ల వాళ్లకు మెమో వస్తుంది.

6. తేదీ, చోటు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దు. ఈశాన్య రుతుపవనాల కాలం, వాయుగుండాల కాలం. మీరు సన్మానించాలనుకునేవాళ్లు అప్పుడే కట్టల మీద ఉంటారు.

సంక్రాంతి దాటాక, కోతలు ముమ్మరం కాకముందు మంచి సమయం. ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినం. 1971లో అదే రోజు చిత్తడి నేలలను కాపాడే అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కుదిరింది. అప్పటికి వలస పక్షులు కూడా ఉంటాయి కాబట్టి బడి పిల్లలకు చూపించడానికీ బాగుంటుంది. మత్స్యకారులే ముఖ్యులైతే నవంబరు 21 ప్రపంచ మత్స్య దినం ఉంది గానీ, మన జిల్లాల్లో అది వానల మధ్యలో పడుతుంది. నేనైతే దాన్ని ఎంచుకోను. ఎన్నికల కోడ్ ఉందేమో కూడా చూసుకోండి.

చెరువు కనిపించే చోట సభ పెట్టాలి, కట్ట మీద మాత్రం వద్దు. షామియానా గుంజల కోసం కట్టలో గుంతలు తవ్వడం నేరుగా చెరువుకు చేటు. జనం, బండ్లు, జనరేటర్ అన్నీ కట్టమీదికి ఎక్కితే అంచులు విరుగుతాయి. కట్ట దిగువన బడి గ్రౌండో గుడి మండపమో చూసుకోండి.

అనుమతుల జాబితా:

- పంచాయతీకి లేఖ
- జలవనరుల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) సమాచారం. కట్ట మీద చిన్న నడక పెట్టుకున్నా సరే చెప్పాలి
- మైకుకు పోలీసుల అనుమతి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వాడకూడదు
- పక్షుల గూళ్లు దగ్గర్లో ఉంటే మైకు, బాణసంచా రెండూ మానెయ్యాలి

7. సన్మాన పత్రం రాయడం

తొందరపడితే సభ మొత్తం చప్పగా అయిపోయేది ఇక్కడే. "అపర భగీరథుడు, జలరత్న, నిస్వార్థ సేవకు నిలువెత్తు నిదర్శనం" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది. పేరు మార్చి పక్క ఊళ్లోనూ చదవొచ్చు.

పత్రంలో చోటు, కాలం, పని ఉండాలి. వంద మాటలు దాటకూడదు. మచ్చుకు ఒకటి:

"శ్రీ ________ గారికి. పెద్ద తూము దగ్గర నీరుకట్టుగా ఉన్నన్నాళ్లూ వంతు తప్పకుండా చివరి ఆయకట్టుకు నీళ్లు అందించారు. వాయుగుండం పట్టిన రాత్రి కట్ట దిగువన బురద ఊట మొదట చూసింది మీరే. ఊళ్లోకి పరుగెత్తుకొచ్చి తలుపులు తట్టారు. తెల్లారేలోపు ఇసుక బస్తాలు పడ్డాయి, కట్ట నిలిచింది. ఆ ఏడు కాలవ చివరి పొలాల్లో కూడా వడ్లు పండాయి. ఆ పంట తిన్న ఊరు మీకు ఈ పత్రం ఇస్తోంది."

రాసిన తర్వాత ఇలా సరిచూడండి:

- వేరే మనిషి పేరు పెట్టి చదివితే అతకకూడదు. అతికిందంటే మళ్లీ రాయాలి
- అందుకునేవాళ్లకు ముందే చదివి వినిపించాలి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు
- చదువు రానివాళ్లైతే ఇంట్లో చదివేవాళ్లకు ఇంకో కాపీ ఇవ్వాలి
- పేరు, ఇంటిపేరు, ఊరు అక్షరాలు ఆధార్ కార్డు పక్కన పెట్టి చూడాలి

8. ఏమివ్వాలి?

శాలువా తప్పనిసరి అనుకుంటే ఒక్కటి చాలు. గాజు జ్ఞాపిక అటక మీదికి పోతుంది. ఆ డబ్బుతో రోజూ చేతికి వచ్చేది ఇవ్వండి.

- నీరుకట్టుకు, లస్కర్‌కు: మంచి ఛార్జింగ్ టార్చ్, రెయిన్‌కోట్, గమ్‌బూట్లు. కొలత ముందే అడగాలి
- చేపలు పట్టేవాళ్లకు: లైఫ్ జాకెట్, వల నూలు
- పారిశుధ్య కార్మికులకు: గట్టి గ్లవుజులు, బూట్లు. గుర్తుంచుకోండి, ఇవి పని ఇచ్చేవాళ్లు ఎలాగూ ఇవ్వాల్సినవే. కాబట్టి వీళ్లకు బట్టలో, నగదో వేరుగా పెట్టండి
- జట్లకు: ఉమ్మడిగా వాడే పనిముట్లు, లేదా సంఘం ఖాతాలో డబ్బు

నగదు ఇస్తే బ్యాంకు ఖాతాలో వెయ్యండి. పెద్ద చెక్కు బొమ్మ పట్టించి ఫొటో తియ్యొద్దు. మనిషి పేదరికం పదిమందికి చూపించినట్టు అవుతుంది.

9. సభ రోజు వరస

గంటన్నరలో ముగించాలి. ఈ వరస పని చేస్తుంది:

- ముందుగా, వీలైతే, సన్మానం పొందేవాళ్లతో కట్ట మీద చిన్న నడక. పిల్లలకు తూము, కలుజు వాళ్లే చూపించాలి. నీళ్ల అంచున తాడు కట్టి ఇద్దరు పెద్దవాళ్లు నిలబడాలి
- ఐదు నిమిషాల్లో స్వాగతం
- మొదటి సన్మానం. ముందు పత్రం చదవాలి, తర్వాత శాలువా, తర్వాత కానుక. శాలువా ముందు కప్పితే ఫొటోల హడావిడిలో పత్రం ఎవరూ వినరు
- శాలువా ఆ పనివల్ల మేలు పొందినవాళ్లు కప్పాలి: చివరి ఆయకట్టు రైతో, బడి పిల్లలో
- మాట్లాడతానన్నవాళ్లకు మైకు ఇవ్వాలి, టైమ్ బెల్ కొట్టొద్దు
- అందరి సన్మానాలూ అయ్యాక అతిథుల మాటలు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు
- ఖాళీగా మిగిలిన గడులు చదవడం: చెరువుకు ఇంకా ఏ పనులు కావాలో
- భోజనం. విస్తరాకులు, స్టీలు గ్లాసులు. ప్లాస్టిక్ నీళ్ల ప్యాకెట్లు వద్దు, గాలి వీస్తే అవి చేరేది చెరువులోకే

10. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యం: ఆపొద్దు. పత్రాలు చదవడం మొదలుపెట్టండి. ఈ విషయం ఆహ్వానించేటప్పుడే మర్యాదగా చెప్పాలి.

వేదిక నిండా నాయకులు, సన్మానం పొందేవాళ్లు కింద: వేదిక మీద కుర్చీల వెనక ముందే పేర్లు అతికించండి. మధ్య కుర్చీలు ఎప్పుడూ సన్మానం పొందేవాళ్లవే.

"మా వీధివాళ్లను వదిలేశారు" అన్న గొడవ: ఎంపిక ఎలా చేశారో, ఎవరెవరిని అడిగారో సభకు వారం ముందే పంచాయతీ బోర్డు మీద పెట్టండి. న్యాయమైన పేరు ఆలస్యంగా వస్తే చేర్చుకోండి. పత్రం చేత్తో రాసినా ఫర్వాలేదు.

ఒకే కులం, ఒకే పార్టీ పేర్లే రావడం: మీరు అడిగిన ఇళ్లు అన్నీ ఒకే వైపు ఉన్నాయన్నమాట. రెండో మెట్టుకు తిరిగి వెళ్లండి.

ఆడవాళ్ల పేర్లు లేకపోవడం: పనిచేసిన జట్టు మస్టరు (కూలీల హాజరు పట్టీ) చూడండి. పూడిక తట్టలు మోసినవాళ్లలో వాళ్లెంతమందో అందులో ఉంటుంది.

పేరు తప్పు చదివితే: వెంటనే ఆపి, క్షమించమని చెప్పి, సరిగ్గా మళ్లీ చదవండి.

11. సభ అయ్యాక

వారంలోపు ఫొటో ప్రింట్ వేయించి ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి. వాట్సాప్‌లో పంపితే స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి చేరదు. ఫొటోలు ఎక్కడెక్కడ పెట్టాలో ఐదో మెట్టులో వాళ్లు చెప్పిన మాట దాటొద్దు.

జమాఖర్చు ఒక పేజీలో రాసి పంచాయతీ బోర్డు మీద అతికించండి.

సన్మానం పొందినవాళ్లు మైకులో అడిగిన పనులు ఉంటాయి: తూము తలుపు మార్చాలని, కట్ట మీద లైటు కావాలని, కంప కొట్టించాలని. సభ జరుగుతుండగానే ఒకరు వాటిని రాసుకోవాలి. మర్నాడే అర్జీగా మార్చి జలవనరుల శాఖకు, పంచాయతీకి ఇచ్చి రసీదు తీసుకోండి. నెల తర్వాత ఆ రసీదు పట్టుకుని మళ్లీ వెళ్లాలి. ఆ వెళ్లేది ఎవరో సభకు ముందే పేరు రాసిపెట్టుకోండి.

మిగిలింది రిజిస్టరు. గట్టి అట్ట పుస్తకం ఒకటి కొని, కట్ట మీద నడుస్తూ విన్న విషయాలన్నీ తేదీలతో ఎక్కించండి: ఊట ఎక్కడ వచ్చింది, ఏ రాయి కదిలింది, ఏ ఏడు కలుజు ఎన్ని రోజులు పారింది. ఒక కాపీ బడిలో, ఒక కాపీ నీటి సంఘం దగ్గర ఉంచండి. వచ్చే అక్టోబరులో వానలు మొదలయ్యేలోపు కొత్తగా కట్ట కాయబోయే కుర్రవాళ్ల చేత ఒకసారి చదివించండి.